పీర్ల చావిడి మళ్ళీ తెరిచాం

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. మా ఇంటికి, పీర్ల చావిడికి మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడకు మా వైపు పిడకలు, వాళ్ళ వైపు సున్నం. మొహర్రం నెల రాగానే చావిడి తలుపులు తెరిచి, పెట్టెలో ఉన్న పీర్లను బయటికి తీసి, చింతపండుతో తోమి, పట్టుగుడ్డలు కట్టి, పూలదండలు వేసి వరసగా నిలబెట్టేవాళ్ళు. పొడుగాటి కర్రల కొసన మెరిసే ఆ ఇత్తడి, వెండి పంజాలే మాకు పీర్ల స్వాములు. వాటిని భుజాన ఎత్తుకుని ఊరంతా తిరిగేవాళ్ళలో ముస్లింలు ఎందరో, మాలాంటి వాళ్ళు ఎందరో ఎవరూ ఎప్పుడూ చూసుకోలేదు.

పెద్ద పీరు ఎత్తేది మా నాయన. నేను పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరం తగ్గక, నంద్యాల ఆసుపత్రిలో కూడా ఆశ లేదన్నారట. అప్పుడు నాయన, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళు పీరు ఎత్తుతానని మొక్కుకున్నాడు. నేను బతికాను. మందు పనిచేసిందో, మొక్కు పనిచేసిందో గానీ నాయన మాత్రం డాక్టరునీ, స్వామినీ ఇద్దరినీ మరిచిపోలేదు. ఆ డాక్టరుకు ఏటా పచ్చిశనగ కట్ట పంపేవాడు. స్వామిని ఏటా భుజాన ఎత్తేవాడు.

చావిడి బాధ్యత చూస్తూ ఆ ఆవరణలోనే కాపురముండే ముజావరుకు బస్టాపు దగ్గర బాడుగ సైకిళ్ళ షాపు ఉండేది. ఆయనా, నాయనా ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్ళు. ఆ వరసలోనే ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త. నేను సైకిల్ నేర్చుకున్నది ఆ షాపు ముందే. మోకాళ్ళు పగిలితే పసుపు పెట్టింది ఆ అత్తే.

తొంభైల మొదట్లో మా అన్న నంద్యాలలో డిగ్రీ చదివేవాడు. అక్కడ పరిచయమైన ఒక యువకుడిని సెలవు రోజు ఇంటికి తీసుకొచ్చాడు. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. ఆళ్లగడ్డలో కుర్రవాళ్ళను పోగుచేసి ఒక సంఘం నడుపుతున్నాడని అన్న గొప్పగా చెప్పాడు. అమ్మ పెట్టిన సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి ఇష్టంగా తిని, చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"అమ్మా, మనకు మన దేవుళ్ళు లేరా? ఆ కర్రలు మోసేదేందీ?"

"ఉండారు గదా నాయనా, లేకేం," అంది అమ్మ. "వాళ్ళతో పాటు ఈ సామి గూడా ఉండాడు."

అతను నవ్వి ఊరుకున్నాడు. కానీ మళ్ళీ వచ్చాడు. తర్వాత ప్రతి వారమూ రామాలయం ముందు కుర్రవాళ్ళతో కూర్చునేవాడు. మన ఓపికే మనకు చేటయిందని, పక్కవాడి పండగ మోసే జాతి ముందుకు రాదని చెప్పేవాడు. అన్న అవే మాటలు ఇంట్లో అప్పజెప్పేవాడు.

ఇంచుమించు అదే కాలంలో మా ఊరి మసీదుకు ఒక బోధకుడు రావడం మొదలైంది. ఆయనా మెత్తటి మనిషే. తెల్లటి బట్టల్లో మామ సైకిల్ షాపు బల్ల మీద కూర్చుని, పీర్లకు మొక్కడం మతంలో లేదని, చావిడి తలుపు తీసినవాడు పాపం మూటగట్టుకుంటాడని చెప్పేవాడు. మొదట్లో మామ అది నవ్వుతూ మా నాయనకు చెప్పాడు. కానీ మామ పెద్దకూతురికి సంబంధం మాట్లాడుకుంటున్న కోయిలకుంట్లవాళ్ళు ఆ బోధకుడి మాట బాగా నమ్మేవాళ్ళు. కొన్నాళ్ళకు మామ నవ్వు తగ్గింది.

ఎవరి నమ్మకం వాళ్ళది. పీర్లకు మొక్కని ఇళ్ళు మా ఊళ్ళో ముందు నుంచీ ఉన్నాయి. హిందువుల్లోనూ ఉన్నాయి, ముస్లింలలోనూ ఉన్నాయి. వాళ్ళను ఎవరూ ఒక్క మాట అనలేదు. 'నేను మొక్కను' అనే మాట 'నువ్వు మొక్కగూడదు' అనే మాటగా మారిన రోజున మాకు కష్టాలు మొదలయ్యాయి.

ఊళ్ళో ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. రోడ్డు పనులు చేయించే కంట్రాక్టరు. సర్పంచు పదవికి నిలబడి ఓడిపోయినవాడు. తాగే నీళ్ళకు బోరు వేయించిన ఒక పెద్దాయన ఉండేవాడు. సన్నకారు రైతులు, ముస్లింలు, ఊరి పక్క పాలెంలోని క్రైస్తవులు అందరూ ఒక్కటై ఓటు వేసి ఆయననే సర్పంచుగా గెలిపించేవాళ్ళు. ఆ కట్టు విడిపోతే తప్ప కంట్రాక్టరు గెలవడు. ఈ లెక్క మాకు అప్పుడు తట్టలేదు.

మళ్ళీ పంచాయతీ ఎన్నికలు ఏడాది దూరంలో ఉన్నాయనగా ఒకసారి రామాలయం ముందు మైకు పెట్టి పెద్ద సభ జరిగింది. కొద్ది రోజులకే మసీదు ముందు వేపచెట్టుకు మైకు కట్టి ఇంకో సభ. రెండు సభల్లోనూ ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అయినా ఊరు మారిపోయింది. పిల్లలు మామ షాపుకు పోవడం మానేశారు. మా ఇంటికి మజ్జిగకు వచ్చే ముస్లిం ఆడవాళ్ళు గడప దగ్గరే ఆగిపోయి, ఆ తర్వాత అసలు రావడం మానేశారు. ఒక పూట అన్నం ముందు కూర్చుని అన్న అనేశాడు.

"ఈసారి నువ్వు పీరు ఎత్తితే నేను ఈ ఇంట్లో ఉండ నాయనా."

నాయన ముద్ద కలపడం ఆపి చెయ్యి కడుక్కున్నాడు. అదే వారం కోయిలకుంట్ల నుంచి మామకు కబురొచ్చింది, చావిడి తెరిస్తే సంబంధం లేనట్టేనని. సాయంత్రం మామ గోడకు అవతల నిలబడి పిలిచాడు.

"బావా, ఈ ఏడు తలుపు తీయలేనేమో."

"నేనూ ఎత్తలేనేమోలే బావా," అన్నాడు నాయన.

 ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ ఏడు మా ఊళ్ళో పీర్ల పండగ జరగలేదు. డప్పు మోగలేదు. నిప్పుల గుండం తవ్వలేదు. పండగ రోజుల్లో నాయన అరుగు మీద కూర్చుని తువ్వాలు భుజాన వేసుకోవడం, తీయడం, మళ్ళీ వేసుకోవడం తప్ప వేరే పని చేయలేదు. నేను అప్పటికి ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. బస్సు దిగి చావిడి ముందు నుంచి నడిచి వస్తుంటే, తాళం వేసిన తలుపు చూడలేక తల పక్కకు తిప్పుకునేదాన్ని.

పండగ ఆగితే గొడవ ఆగుతుందని అందరం అనుకున్నాం. ఆగలేదు. వీధికి ఒక పక్క ఒక రంగు జెండాలు, ఇంకో పక్క ఇంకో రంగు జెండాలు వెలిశాయి. టీకొట్టు దగ్గర కుర్రవాళ్ళు కలబడ్డారు. పోలీసు జీపు ఊళ్ళోకి రావడం మామూలైంది. ఒక మండుటెండ మధ్యాహ్నం మా జొన్నచొప్ప వామి అంటుకుంది.

"వాళ్ళే పెట్టినారు!" అని అరుస్తూ అన్న కర్ర కోసం వెతుకుతున్నాడు. అంతలో గోడ దూకి మామ వచ్చాడు. వెనకాలే నీళ్ళ బిందెతో అత్త, వాళ్ళ కూతురు. వీధిలో ఆ పక్కవాళ్ళు, ఈ పక్కవాళ్ళు బోరు నుంచి మా దొడ్డి దాకా వరస కట్టి బిందెలు అందించారు. మామ తడిపిన గోనెపట్టా కప్పుకుని మంటలోకి చొరబడి, ఇంటి చూరు వైపు ఉన్న చొప్ప కట్టలు లాగి పారేశాడు. ఆయన గడ్డం ఒక పక్క మాడిపోయింది. వామి సగం కాలింది గానీ ఇల్లు నిలిచింది. ఎవరైనా పెట్టారో, బీడీ నిప్పు పడిందో ఈరోజుకీ నాకు తెలియదు.

సాయంత్రానికి ఆళ్లగడ్డ నుంచి సంఘం కుర్రవాళ్ళు వచ్చారు. బూడిదకు ఫోటో తీశారు. మర్నాడు బంద్ అన్నారు. అన్న మసి చేతులతో వాళ్ళ ముందు నిలబడి అడిగాడు.

"మధ్యాన్నం యాడుండార్రా మీరంతా?"

"అది గాదన్నా ఇప్పుడు విషయం..."

"నాకదే విషయం. ఆయప్ప గడ్డం కాలె నా ఇంటి కోసం."

మర్నాడు బంద్ సభకు రామాలయం ముందు మళ్ళీ మైకు కట్టారు. అమ్మ నీళ్ళకు పోతూ ఆ మైకు వైపు చూసి ఆగిందట. గొట్టం అంచు ఒక చోట సొట్టపోయి, దాని మీద నీలం రంగు పూసి ఉంది. మసీదు దగ్గర వేపచెట్టుకు కట్టిన మైకుకూ అదే సొట్ట, అదే నీలం రంగు. వైర్లు చుడుతున్న మనిషిని అడిగింది.

"ఏమప్పా, ఈ మైకు ముందు మసీదు కాడ గూడా ఉండె గదా?"

"అవునక్కా, మాదే. రెండుసార్లూ కంట్రాక్టరన్నే చెప్పి పంపినాడు."

అందులో దాచాల్సింది ఏమైనా ఉందని ఆ అబ్బికి తట్టనే లేదు. అమ్మ ఇంటికొచ్చి రొట్టె తడుతూ ఆ మాటే చెప్పింది. అన్న తింటున్నవాడల్లా ఆగిపోయాడు. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ యువకుడికీ, ఆ బోధకుడికీ ఈ సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను. వాళ్ళు తాము నమ్మిందే చెప్పారనుకుంటాను. ఆ నమ్మకంతో ఊరిని చీల్చి ఓట్లు ఏరుకోవచ్చునని మాత్రం ఇంకొకడు కనిపెట్టాడు. తమదే సత్యమని పట్టుబట్టేవాళ్ళు ఎప్పుడూ అలాంటివాడి చేతికి సులువుగా దొరుకుతారు. ఆ తర్వాత నేను చదివిన పుస్తకాలన్నీ ఇదే విషయాన్ని పెద్ద మాటల్లో చెప్పాయి. నాకు మాత్రం అది ఆ సొట్టపోయిన మైకు దగ్గరే అర్థమైంది.

మరుసటి ఏడు మొహర్రం దగ్గరపడుతుండగా అమ్మ గోడ దగ్గరికి పోయి అత్తను పిలిచింది.

"వదినే, ఈ ఏడు గూడా తీయకపోతే ఇంగ ఎప్పటికీ తీయం."

అత్త బిందె దించి గోడ దగ్గరికి వచ్చింది. తర్వాత అంది, "చావిడి మూస్తే పిల్లను చేసుకుంటామన్నారు. మూసినాం. ఇప్పుడు మీ ఇంటికి పోవడం మానమంటాండారు. అది మానితే ఇంగోటి అడుగుతారు. నాకు ఇసుగొచ్చింది వదినే."

మామ ఇంకా తటపటాయిస్తుంటే చావిడి తాళంచెవి గూట్లోంచి తీసి తన కొంగుకు కట్టుకున్నది అత్తే. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. రెండు వీధుల్లోనూ ఆడవాళ్ళను కూర్చోబెట్టి మైకు సంగతి చెప్పారు. పాలెంలో డప్పు వాయించే పెద్దాయన దగ్గరికి నేనూ వెంట పోయాను. ఆయన చర్చికి పోయే మనిషి. పీర్ల ముందు వాయించవద్దని అక్కడా చెప్పారట.

"ఏం చేస్తావు తాతా మరి?" అని అడిగాను.

"డప్పు నాది, దేవుడు నావోడు. మేమిద్దరం మాట్లాడుకుంటాం లేమ్మా," అన్నాడు డప్పు దించి తోలు నిమురుతూ.

పండగ చేస్తున్నామని తెలియగానే ఆళ్లగడ్డ పోలీసు స్టేషను నుంచి పిలుపొచ్చింది. నాయన, మామ, అమ్మ, అత్త బస్సెక్కి వచ్చారు. అమ్మ మా బడికి కబురు పంపితే, నేను పర్మిషన్ అడిగి స్టేషనుకు పోయాను. లోపల బల్ల మీద ఒక కొసన ఆ యువకుడు, ఇంకో కొసన ఆ బోధకుడు కూర్చుని ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ అర్జీలు. ఎస్సై వాటిని పక్కపక్కన పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చదివాడు. మొదటి దాంట్లో, మా ఊళ్ళో పీర్ల పండగ జరిగితే శాంతిభద్రతలకు భంగమని, ఆపాలని ఉంది. రెండో దాంట్లోనూ అదే ఉంది.

ఎస్సై తలెత్తి ఇద్దరినీ చూశాడు.

"ఏందప్పా, ఇద్దరూ కలిసి రాసుకొచ్చినారా?"

గదిలో కానిస్టేబుల్ ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఇన్నాళ్ళూ ఒకరి పేరు చెప్పి ఒకరు ఊరిని భయపెట్టిన ఆ ఇద్దరూ అప్పుడే మొదటిసారి ఒకరినొకరు సరిగ్గా చూసుకున్నారు. 

"మీది ఏ ఊరు?" ఎస్సై యువకుణ్ణి అడిగాడు.

"ఆళ్లగడ్డ సార్."

"మీది?"

"నంద్యాల."

"మరి ఆ ఊరోళ్ళు ఎవురు?"

అమ్మ ముందుకు వచ్చింది. పోలీసు స్టేషను గడప తొక్కడం ఆమెకు అదే మొదటిసారి. 

"మేము సామీ. ఆ చావిడి మా గోడ పక్కనే. పోయినేడు ఈళ్ళ మాట ఇని మూసినాం. మూసినాక కొట్లాటలొచ్చినాయి, వామి కాలె, మీ జీపు వొచ్చె. తెరిచి ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడన్నా మీరు మా ఊరికి రావాల్సొచ్చిందా? మీరే చెప్పండి."

ఎస్సై పెన్ను మూత పెట్టాడు. "చేసుకోండమ్మా. నలుగురు కానిస్టేబుళ్ళను పంపిస్తా."

"పంపియండి సామీ," అంది అత్త. "బందోబస్తుకు గాదు, బెల్లం మలీద తినేదానికి."

స్టేషను బయటికి వచ్చాక మేం ఐదుగురమూ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మామ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. బస్టాండులో నాయన అందరికీ గోలీసోడాలు కొట్టించాడు.

ఆ ఏడు పండగ నేను పుట్టి పెరిగిన రోజుల్లో ఎన్నడూ చూడనట్టు జరిగింది. అత్త కొంగు ముడి విప్పి తాళం తీస్తే, మూతపడిన చావిడి లోపలి నుంచి దుమ్ము, పాత ఊదు వాసన కలిసి బయటికి వచ్చాయి. ఆడపిల్లలం అందరం కలిసి చావిడి అలికి ముగ్గు వేశాం. పాలెం డప్పు మొదటి దెబ్బ పడగానే వీధి చివర నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఇంటింటా బెల్లం, రొట్టె కలిపి మలీద ముద్దలు చేశారు. ఏళ్ళ తరబడి మా ఊరి పండగకు రాని చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కూడా ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. అహోబిలం అడవి వైపు నుంచి మా సంతకు తేనె తెచ్చే చెంచు దంపతులు స్వామికని ఒక సీసా ఇచ్చిపోయారు.

చివరి రోజు సాయంత్రం పీర్లు కుందూ ఏటి ఒడ్డుకు బయలుదేరాలి. నాయన స్నానం చేసి, తడిబట్టతో వచ్చి పెద్ద పీరు ముందు నిలబడ్డాడు. మామ పీరు ఎత్తి నాయన భుజం మీద ఆనించాడు. ఇద్దరి చేతులూ ఆ కర్ర మీద కాసేపు అలాగే ఉండిపోయాయి. అప్పుడు అన్న గుంపులోంచి ముందుకు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మామ ముందు తలవంచి నిలబడ్డాడు.

"చిన్నది నేనెత్తుకుంటా మామా."

"బరువుంటుందిరా, ఎత్తగలవా?" అన్నాడు మామ.

"నువ్వు పక్కనుంటే ఎత్తుతా."

మామ ఇంకేమీ అడగకుండా చిన్న పీరు తీసి అన్న భుజాన పెట్టాడు. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. అమ్మా, అత్తా బిందెలతో నీళ్ళు దారి పొడుగునా చల్లుతూ ముందు నడిచారు. వచ్చిన కానిస్టేబుళ్ళు లాఠీలు చావిడి గోడకు ఆనించి, ఆకుల్లో మలీద పెట్టించుకుని తింటూ వెనక నడిచారు. నేను ఆ గుంపు మధ్యలో ఉన్నాను. చెమటా, ఊదు పొగా, పూల వాసనా, డప్పు మోతా అన్నీ కలిసి ఒళ్ళు జలదరించింది. మా ఊరు మాకు తిరిగి వచ్చిందనిపించింది.

పండగైన కొద్ది రోజులకే పంచాయతీ ఎన్నికలు. కంట్రాక్టరు మా వీధికి ఓటు అడగడానికి వచ్చాడు. అరుగుల మీద ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. అమ్మ లేచి మర్యాదగానే అడిగింది.

"అప్పా, ఒక్క మాట. మసీదు కాడి మైకు, రామాలయం కాడి మైకు ఒక్కటే గదా? ఇంతకూ నువ్వు ఏ పక్క మనిషివి?"

ఆయన అమ్మ వైపు, అత్త వైపు చూశాడు. అనుచరులతో కలిసి ముందుకు పోయాడు. ఓట్ల లెక్కింపు రోజు బడి ఆవరణలో నిలబడి మేమంతా విన్నాం. ఆయన సొంత వీధిలోనే ఆయనకు ఓట్లు పడలేదు. బోరు వేయించిన పెద్దాయన ఎప్పటికంటే గొప్పగా గెలిచాడు. ఆయన మా ఇంటి ముందు ఆగి అమ్మకు దండం పెడితే, అమ్మ సిగ్గుపడి లోపలికి పారిపోయింది.

కోయిలకుంట్ల సంబంధం పోయినా, మామ కూతురికి ఆ తర్వాత అవుకులో మంచి సంబంధం కుదిరింది. వాళ్ళు పీర్లకు మొక్కరు. మొక్కేవాళ్ళ ఇంటి పిల్లను చేసుకోవడానికి వాళ్ళకు ఏ ఇబ్బందీ లేకపోయింది. పెళ్ళి పందిరి దగ్గరుండి వేయించింది మా నాయన. వచ్చినవాళ్ళకు వడ్డన చేసింది మా అన్న.

రెండు వేల సంవత్సరం దాటాక నేను నంద్యాల బడికి మారాను. పట్నంలో మతం పేరు చెప్పి ఓట్లు అడగడం ప్రతి ఎన్నికకూ పెరగడమే చూశాను. పల్లెలో ఒక మైకు గుర్తుపడితే సరిపోయింది. పట్నంలో అన్ని మైకులు గుర్తుపట్టడం కష్టం. అయినా మా వార్డులో ఎవరైనా పక్కవీధి గురించి భయపెట్టే మాట మోసుకొస్తే, నేను చేసే పని ఒకటే. చెప్పులు తొడుక్కుని ఆ పక్కవీధికి పోయి, వాళ్ళనే అడిగి వస్తాను. నన్ను చూసి మా వీధి ఆడవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. చాలా పుకార్లు ఆ కాస్త నడకకే చచ్చిపోయాయి.

ఒకసారి నంద్యాల బస్టాండులో ఆ యువకుడు ఎదురుపడ్డాడు. అప్పటికి యువకుడు కాదు, జుట్టు పలచబడింది. రాజకీయాల్లో ఏదో చిన్న పదవిలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చి, కుశలం అడిగాక అన్నాడు.

"మీ ఊర్లో ఇంకా పీర్లు ఎత్తుతాండారా అక్కా?"

"ఎత్తుతాండాం. నాయనకు మోకాళ్ళ నొప్పులు. రెండేండ్లుగా పెద్ద పీరు మా అన్నే ఎత్తుతాండాడు."

అతను తల అడ్డంగా ఊపాడు.

"మీ ఊరోళ్ళు మారరక్కా."

"మారం," అన్నాను. ఆ మాట నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.